ఆదికిచ్చిన జాకెట్టు

ఓడ ఎక్కిన రెండో రోజు పొద్దున్నే ప్రతి గది తలుపు కిందనుంచీ ఒక కాగితం లోపలికి జారింది. ఎవరు ఏ రంగు కట్టుకోవాలి, ఎవరి పక్కన ఎవరు నిలబడాలి, చెప్పులు ఏవి, జుట్టు జడా ముడా, అన్నీ గళ్ళు గీసి రాసి ఉన్నాయి. రేపు సాయంత్రం ఐదుంబావుకి ఓడలోని ఫోటోల గదిలో కుటుంబమంతా ఫోటో దిగాలి. అడుగున ఎర్రసిరాతో ఇంకో ముక్క: 'ఈరోజు పదింటికి ట్రయలు. మా గదిలో. ఆలస్యం కుదరదు.'

"మా అక్క కలెక్టరు కావలసింది. దారితప్పి మాకు అక్కయింది," అన్నాడు చిన్నోడు, పళ్ళు తోముకుంటూనే కాగితం చదివి.

అతని భార్య నవ్వింది గానీ చేతిలో పని ఆపలేదు. ఆ ఇంటికి కోడలు ఆమె ఒక్కతే అయినా, చిన్నోడి భార్య కనక అందరికీ చిన్నకోడలే. ఊళ్ళో రెండు మిషన్ల కుట్టుకొట్టు ఉంది. ఏడుగురి ఫోటో బట్టలూ ఆమె చేతిమీదుగా వచ్చినవే. ఆడవాళ్ళకి నెమలికంఠం రంగు జాకెట్లు, పదేళ్ళ కూతురు బుడ్డిదానికి అదే గుడ్డతో గౌను, మగవాళ్ళ కోట్లు ఎవరివి వాళ్ళవే అయినా టైలు మాత్రం ఇదే గుడ్డ. అన్నీ ఒక్క తానులోంచే కత్తిరించింది. రెండు తాన్లు కలిస్తే కొట్లో ఒకటిగానే కనిపిస్తాయి, ఫోటో దీపాల కింద మాత్రం సవతుల్లా విడిపోతాయని ఆమెకు తెలుసు.

పదింటికి అందరూ వదిన గదిలో చేరారు. చిన్నోడి అక్క, అంటే చిన్నకోడలికి వదిన, మంచం మీద కాగితం పరిచి, చేతిలో పెన్ను పట్టుకుని నిలబడింది. చిన్నోడి టై సరిపోయింది. వదిన భర్త టై సరిపోయింది గానీ కోటు బొత్తం పెట్టుకుంటే ఊపిరాడలేదు.

"పొట్ట లోపలికి పీల్చండి."

"పీల్చే ఉన్నాను."

"అయితే బొత్తం వదిలెయ్యండి. వెనక వరసలోకి వెళ్ళండి." పెన్నుతో గడి కొట్టేసి ఇంకో గడిలో రాసింది.

మామగారు గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరైన మనిషి. టై కట్టించుకుంటూ, "బండికి వెనక ఎర్రదీపం నేనేగా, నన్ను కూడా వెనక పెట్టు," అన్నాడు.

"నువ్వు ముందు వరస నాన్నా. కుర్చీలో. అమ్మ పక్కన."

అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. బూడిదరంగు శాలువా మెడదాకా కప్పుకుని, సముద్రం వైపు చూస్తోంది. ఎనిమిది నెలల కిందట కడుపు ఆపరేషనయింది. అప్పుడు చిన్నకోడలు ఆమెను చూసింది ఆస్పత్రి దుప్పటి కింద. ఆ తర్వాత అత్తగారు కూతురింట్లోనే ఉంది, ఫోనులో చూసిన ప్రతిసారీ ఈ శాలువాలోనే. నిన్న ఓడరేవులో కౌగిలించుకున్నప్పుడు శాలువా లోపల మనిషి కోసం చేతులు ఇంకొంచెం ముందుకు వెళ్ళాల్సివచ్చింది. కుట్టుపని చేసేవాళ్ళ చేతులకి కళ్ళుంటాయి. ఆ చేతులు రాత్రంతా ఆమెను ఊరుకోనివ్వలేదు.

"అత్తయ్యా, మీది వేసుకుని చూడండి."

"రేపు చూద్దాంలేమ్మా."

"రేపే ఫోటో అమ్మా," అంది వదిన.

అత్తగారు జాకెట్టు తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. వచ్చినప్పుడు శాలువా మళ్ళీ కప్పుకునే ఉంది. వదిన వెళ్ళి మెల్లగా శాలువా కొస పట్టుకుంది. అత్తగారు వద్దనలేదు.

జాకెట్టు చేతుల్లో ఆవిడ చేతులు గంటలో నాలికల్లా ఉన్నాయి. మెడ ఒక పక్కకి జారి భుజం ఎముక బయటపడింది. ముందు హుక్సు పెట్టిన చోట గుడ్డ ముడతపడి కిందికి వేలాడుతోంది. మామగారు టై ముడి సరిచేసుకోవడంలో పడ్డాడు.

"నానమ్మ జాకెట్టు అమ్మ తప్పు కుట్టిందా?" అంది బుడ్డిది.

"అవునే, తప్పు కుట్టాను," అంది చిన్నకోడలు.

"కొలతకని ఆది పంపాంగా," అంది వదిన. "ఆది జాకెట్టు చేతిలో ఉండగా ఎలా తప్పింది?"

"పొరపాటయింది వదినా. తానంతా పరిచి ఒక్కసారే కోశాను, ఒక గీత బదులు ఇంకో గీత మీద కత్తెర పోయుంటుంది."

అలా పోయే కత్తెర కాదు ఆమెది. ఆదికి వచ్చిన జాకెట్టు ఛాతీ ముప్ఫై ఎనిమిది, భుజం పద్నాలుగున్నర. ఆమె కుట్టింది అక్షరాలా అదే. అత్తగారు ఒక్కసారి ఆమె వైపు చూసి మళ్ళీ సముద్రం వైపు తిరిగింది.

"ఈసారికి నేను కూచోనులేండి," అంది కిటికీతో చెబుతున్నట్టు. "మీరంతా దిగండి. పిల్లలు బాగుంటారు."

వదిన కాగితం చుట్టేసింది. "ట్రయలైపోయింది, వెళ్ళండి," అంది.

"మీది చూడలేదు వదినా."

"నాది సరిపోతుందిలే. నా సంగతి ఇప్పుడెందుకు?"

*

మధ్యాహ్నం చిన్నకోడలు ఓడంతా తిరిగింది. జాకెట్టు సరిచేయాలంటే కత్తెర కావాలి. ఆమె కత్తెర ఓడ ఎక్కేటప్పుడే తీసేసుకుని, దిగేటప్పుడు ఇస్తామని చీటీ రాసిచ్చారు. చంకలో పిల్లను లాక్కున్నట్టనిపించింది అప్పుడు. ఇంత పెద్ద ఓడలో ఎవరి దగ్గరో ఒకరి దగ్గర మిషనుండకపోదు అనుకుంటూ ఫోటోల గది మీదుగా వెళ్తుంటే లోపల వదిన గొంతు వినిపించింది.

ఫోటోలు తీసే అమ్మాయి ఎదురుగా వదిన నిలబడి ఫోను చూపిస్తోంది. ఫోనులో అత్తగారు. నాలుగేళ్ళ కిందటి ఫోటో. నిండు బుగ్గలు, ఒడినిండా కూర్చున్న మనిషి. ముందు వరసలో నడిమి కుర్చీ ఖాళీగా ఉంచుతామని, తర్వాత ఆ కుర్చీలో ఈ ఫోటో అతికించమని, జాకెట్టు రంగు నెమలికంఠానికి మార్చమని వదిన వచ్చీరాని ఇంగ్లీషులో, సైగలతో చెబుతోంది. అది తేలికేనని, అడిగేవాళ్ళు చాలామందే ఉంటారని ఆ అమ్మాయి తలూపింది.

చిన్నకోడలు వదిన బయటికి వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడింది.

"మనిషి పక్క గదిలో కూర్చుని ఉండగా పాత ఫోటో అతికించడమేంటి వదినా?"

"నువ్విందులో తల దూర్చకు పిల్లా."

"దూరుస్తాను. జాకెట్టు నేను కుట్టింది."

"అయితే జాకెట్టు వరకే చూసుకో." చలికి కప్పుకున్న తన శాలువా భుజాల మీద సర్దుకుని వదిన వెళ్ళిపోయింది.

చిన్నకోడలికి ఒళ్ళు మండింది. రంగు కలిస్తే చాలు, మనిషి లేకపోయినా పర్లేదన్నమాట. మనిషి పోతే గోడకి పటం కడతారు. ఈవిడ బతికున్న తల్లికి కడుతోంది. ఆ కాగితం మీద గళ్ళన్నీ నిండాలి, అంతే ఆవిడకి.

పై అంతస్తులో మామగారు చేతులు వెనక్కి పెట్టుకుని ఓడ ఈ కొసనుంచి ఆ కొసకి నడుస్తున్నాడు. ఆమె వెళ్ళి పక్కన నడిచింది. విషయం ఆయనకి ముందే తెలుసు.

"నా పక్క కుర్చీ ఖాళీ అంటున్నారు. ఖాళీ పెట్టెలతో బండి నడవదా అంటే నడుస్తుంది, చాలా నడిపాను. కానీ లోపల మనిషుండగా ఖాళీ అని పుస్తకంలో రాయకూడదమ్మా. అది తప్పు."

"మీరు చెప్పొచ్చుగా మామయ్యా."

"నేను చెబితే మీ అత్తయ్య కసురుతుంది. యాభై ఏళ్ళుగా అది నాకిచ్చే మర్యాద అదే." కాస్త దూరం నడిచి, "నువ్వు వెళ్ళు. కొలతలు తీసే మనిషి దగ్గర ఆడది ఎంతసేపని దాస్తుంది?" అన్నాడు.

*

అత్తగారు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. కోడల్ని చూసి లేచి కూచోబోతే చిన్నకోడలు దిండు వెనక్కి పెట్టింది.

"వదిన చేస్తున్న పని మీకు తెలుసా అత్తయ్యా?"

"ఏ పని? పాత ఫోటోనా?" అంది అత్తగారు. "నేనే చెప్పాను."

చిన్నకోడలు మంచం అంచున కూచుంది.

"ట్రయలయ్యాక అది నా కాళ్ళు పిసుకుతుంటే చెప్పాను. ససేమిరా అంది. ఏడ్చింది కూడా. నామీద ఒట్టు పెట్టాను, ఇంక దానికేం దారుంది? దాన్నేమన్నా అన్నావా?"

"అన్నాను."

"నాకు తెలుసు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది, చింతపండు పిసికినట్టుంది." అత్తగారు కాసేపు శాలువా అంచు వేళ్ళతో మడిచింది, విప్పింది. "ఆది జాకెట్టు కూడా తెలిసే పంపాను. నీ పొరపాటేం లేదు. అందరి ముందూ పాపం నీ నెత్తినేసుకున్నావు."

"పాతది ఎందుకు పంపారు అత్తయ్యా?"

"డాక్టరు మూడు నెలల్లో మళ్ళీ ఒళ్ళొస్తుందన్నాడు. సరే, ఓడ ఎక్కేనాటికి ఆ జాకెట్టు నింపుతాను అనుకున్నాను. అది నేను నాతో వేసుకున్న పందెం. వాంతి వచ్చినా తిన్నాను. మీ వదిన ముద్దలు చేసి పెడితే కళ్ళు మూసుకుని మింగాను." నవ్వింది. "అయినా ఓడిపోయాను. ఇప్పుడీ అస్థిపంజరాన్ని దీపాల కింద కూచోబెట్టి ఫోటో తీయిస్తే గోడ మీద చూసిన ప్రతివాడూ ఈవిడకేం రోగం అని అడుగుతాడు."

చిన్నకోడలి చేతికి నడుముకి చుట్టుకున్న టేపు తగిలింది. దాన్ని విప్పింది.

"ఫోటో సంగతి తర్వాత. ముందు కొలవనివ్వండి. నా కొట్టుకొచ్చిన ఎవరినీ ఆది చూసి మాత్రమే నమ్మను నేను. మిమ్మల్ని నమ్మి చెడ్డాను."

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత శాలువా తనే తీసి మంచం కోడు మీద వేసింది. లేచి నిలబడి చేతులు రెండూ పక్కలకి ఎత్తింది. ఎనిమిది నెలల్లో ఎంతమంది డాక్టర్లకి అలా ఎత్తిందో, అలవాటుగా ఎత్తింది.

"చేతులు దించండి అత్తయ్యా. నేను డాక్టర్ని కాదు. మామూలుగా నిలబడండి."

టేపు చల్లగా తగిలేసరికి అత్తగారు కొంచెం ముడుచుకుంది. చిన్నకోడలు అరచేతిలో టేపు కొస రుద్ది వెచ్చచేసి మళ్ళీ చుట్టింది. భుజం. మెడ. చంక చుట్టూ. చేతి పొడుగు. ఆపరేషను మచ్చ దగ్గర టేపు ఎత్తిపట్టింది, తగలకుండా.

"ఎంత?" అంది అత్తగారు.

"ఏది?"

"ఛాతీ. ఆస్పత్రిలో బరువులు, కొలతలు అన్నీ మీ వదినకే చెప్పేవాళ్ళు. నాకెవరూ చెప్పలేదు. నువ్వు చెప్పు."

"ముప్ఫై ఒకటి."

అత్తగారు ఆలోచించింది. కిటికీలోంచి వచ్చిన వెలుగు ఆవిడ మెడ ఎముకల మీద పడింది. "నా పెళ్ళికి ముప్ఫయ్యే," అంది. "అంటే అంగుళం లాభంలోనే ఉన్నాను. మీ మామగారికి చెప్పకు, మళ్ళీ పెళ్ళిచూపులంటూ మొదలెడతాడు."

ఇద్దరూ నవ్వారు. నవ్వి నవ్వి అత్తగారు కడుపు పట్టుకుని మంచం మీద కూచుంది. చిన్నకోడలు ఆమె పక్కనే కూచుని టేపు చుట్ట చుడుతూ, మెల్లగా అంది.

"లావుగా ఉన్న ఫోటోలు మీకు ఆల్బం నిండా ఉన్నాయత్తయ్యా. ఆస్పత్రిలోంచి నడుచుకుంటూ బయటికొచ్చిన మనిషి ఫోటో ఒక్కటీ లేదు. నాకది కావాలి. మా కొట్లో పెట్టుకుంటాను."

అత్తగారు జాకెట్టు మడత విప్పి, లోపలివైపు తిరగేసి, పక్క కుట్లు వేలితో తడిమి, "దీన్ని ఎంత తగ్గించాలి?" అంది.

*

మూడో రోజు పొద్దున గదులు ఊడ్చే అమ్మాయిని పట్టుకుని, వేళ్ళతో మిషను తిప్పినట్టు అభినయించి, చిన్నకోడలు ఓడ అడుగు అంతస్తులో దుప్పట్ల గదికి చేరింది. గోడనానుకుని తెల్లదుప్పట్ల గుట్టలు. మూల ఒక మిషను. దాని ముందు కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకున్న ముసలి దర్జీ, పనివాళ్ళ చొక్కాకి బొత్తం కుడుతున్నాడు. ఆయన భాష ఆమెకి రాదు, ఆమె భాష ఆయనకి రాదు.

జాకెట్టు చేతికిచ్చింది. ఆయన ముందువైపు చూడలేదు. తిరగేసి లోపలి కుట్లు చూశాడు. చంక దగ్గర గోటితో గీరాడు. హుక్సు కింద పట్టీ లాగి చూశాడు. అప్పుడు తలెత్తి ఆమెను చూశాడు. లేచి తన స్టూలు ఆమెకిచ్చి, తను దుప్పట్ల మూట మీద కూచున్నాడు. బంధువుల ఇంటికి వెళ్తే ఇలాగే ముందు పీట వేస్తారు.

ఆయన ఇచ్చిన కత్తెర కొస చిన్నకోడలు వేలితో చూసుకుంది. పదునుంది. చేతులు రెండూ ఊడదీసింది. పక్క కుట్లు బ్లేడుతో విప్పింది, ఒక్కో కుట్టూ, గుడ్డకి తగలకుండా. ముందున్న డార్ట్సు, ఒంటికి పట్టించే ఆ ముడత కుట్లు, తీసేసి లోపలికి కొత్తవి గీసింది. భుజం అంగుళమున్నర తగ్గించి, చంక మళ్ళీ కోసింది. కొయ్యడానికి భయమేసింది. అదే తానులోంచి ఇంకో గజం లేదు, తప్పితే ఇంక అతుకే. ఆయన అది గమనించినట్టు, గుడ్డ రెండో కొస తన చేత్తో బిగించి పట్టాడు. కత్తెర కరకరమంటూ సాగింది.

మిషను వేరే దేశపుది, పెడల్ బరువు. నెమలికంఠం దారం ఆయన దగ్గర లేదు. పెట్టె అంతా వెతికి నల్లనీలం తీసి, వెలుతురు దగ్గర గుడ్డమీద పెట్టి చూపించాడు. కలిసింది. ఆమె కింది దారపు బాబిన్ ఎక్కించుకుని పని మొదలెట్టింది. మధ్యలో దారం తెగితే ఆయనే సూదికెక్కించాడు. మూడోసారి ఉమ్మితో తడిపాడు, ఆమె కూడా అలాగే చేస్తుంది.

పనయ్యేసరికి ఒంటిగంటయింది. ఆమె చేతులు జోడించింది. ఆయన జాకెట్టు ఇంకోసారి తిరగేసి, ఒకచోట మిగిలిన దారపు పోగు తుంచి, మడతపెట్టి రెండు చేతులతో అందించాడు.

*

ఐదు గంటలకి అందరూ ఫోటోల గది ముందు వరసలో నిలబడ్డారు. ముందు రెండు కుటుంబాలు, వెనక మూడు. అత్తగారు మామగారి చెయ్యి పట్టుకుని వచ్చింది. గంధం రంగు చీర, నెమలికంఠం జాకెట్టు. శాలువా గదిలోనే వదిలేసింది. చేతులు సన్నగా ఉన్నాయి, మెడ ఎముకలు కనిపిస్తున్నాయి. జాకెట్టు మాత్రం ఒంటిమీద పొట్లం కట్టినట్టు కూచుంది. మామగారు ఆవిణ్ణి రెండుసార్లు చూశాడు.

"ఏంటి చూపులు?" అంది అత్తగారు.

"కుర్చీ ఖాళీ లేదని చూస్తున్నా."

వదిన అందరికంటే చివర వచ్చింది. తల్లిని చూసి గుమ్మంలోనే ఆగింది. చేతిలో కాగితం ఉంది, పెన్నుంది. చిన్నకోడలు దగ్గరికి వెళ్ళి, "నిన్న నోరు జారాను వదినా. నాకు తెలీదు," అంది.

"ఇప్పుడవన్నీ ఎందుకు? పద, మన వంతు." వదిన కాగితం చూసుకుంది. "నాన్నా, ఎడమ కుర్చీ. ఒరేయ్, వెనక. బుడ్డిదీ, నానమ్మ కాళ్ళ దగ్గర."

"కలెక్టరుగారూ," అన్నాడు చిన్నోడు, "మీ భుజాల మీద శాలువా ఏ గడిలో రాసుంది?"

"చలిగా ఉంది. ఫోటోలో శాలువా ఉంటే ఏమయింది?"

"ఆడవాళ్ళ ఒంటిమీద గంధం, నెమలికంఠం తప్ప మూడో రంగు కనపడితే ఓడలోంచి తోసేస్తానన్నావుగా."

అత్తగారు నడిమి కుర్చీలో కూచుంటే, వదిన వెళ్ళి ఆ కుర్చీ వెనక నిలబడబోయింది. అత్తగారు కూచున్నచోటు నుంచే చెయ్యి వెనక్కి చాపి శాలువా కొస పట్టుకుంది. శాలువా కింద ఏం దాస్తారో ఆవిడకి బాగా తెలుసు.

"తియ్యి," అంది.

"అమ్మా, వెనక జనం ఉన్నారు."

"తియ్యవే."

శాలువా జారింది. అత్తగారు వెనక్కి తిరిగి కూతుర్ని భుజం పట్టి పక్కకి తిప్పింది. చిన్నకోడలు వదిన వెనకే ఉంది. జాకెట్టు వీపు మీద గుడ్డంతా ఒక పక్కకి మడిచి నాలుగు పిన్నీసులు గుచ్చి ఉన్నాయి, చేత్తో వెనక్కి అందినంత మేర, వంకరగా. ఒక పిన్నీసు దగ్గర గుడ్డ చీలిక పడబోతోంది. భుజాల దగ్గర ముడత. వదిన కూడా పాత జాకెట్టే ఆదికి పంపింది. రెండు రోజులుగా చిన్నకోడలు వదిన ఎర్రసిరా చూసింది, గళ్ళు చూసింది, గొంతు వింది. ఈ వీపు చూడలేదు. ఎనిమిది నెలలు తల్లిని ఎత్తి కూచోబెట్టి, దించి పడుకోబెట్టి, ఆవిడ నోట్లో ముద్ద పెట్టాక తను తిన్నదో లేదో ఎవరూ అడగని మనిషి వీపు అది.

"ఫోటో ముందునుంచే కదా," అంది వదిన తల వంచుకుని. "వెనక ఎవరు చూస్తారు?"

"నేను చూశాను," అంది అత్తగారు. కెమెరా దగ్గరున్న అమ్మాయి వైపు తిరిగి అరచెయ్యి ఎత్తి చూపించింది, ఆగమని. "మా మనిషి ఒంటిమీద జాకెట్టు సరిగ్గా లేదమ్మా. సరయ్యాక తీద్దువుగాని. వెనకవాళ్ళని ముందు పంపు."

భాష అర్థమయిందో లేదో, ఆ అమ్మాయి కెమెరా మీదనుంచి చెయ్యి తీసేసింది. అత్తగారు లేచి, నడిమి కుర్చీలో వదిన్ని కూచోబెట్టింది. వదిన రెండుసార్లు లేవబోయింది. మూడోసారి భుజం మీద తల్లి చెయ్యి పడింది.

చిన్నకోడలు కుర్చీ వెనక మోకాళ్ళ మీద కూచుంది. కొంగు అంచుకి గుచ్చుకున్న సూది తీసింది. దారం దానికే ఉంది. పిన్నీసులు ఒక్కోటీ తీసి బుడ్డిదాని అరచేతిలో పెట్టింది. గుడ్డ లోపలికి మడిచి, రెండు పక్కలా సమంగా చూసి, చిన్న చిన్న కుట్లు వేస్తూ పైకి వచ్చింది. ఆమె వేళ్ళ కింద వదిన వీపు మొదట బిగుసుకుని ఉంది. కాసేపటికి వదులయింది. తర్వాత ఊపిరి పెద్దగా తీసి వదిలింది, కుట్టు ఆగాల్సివచ్చింది.

"కదలకండి వదినా."

"కదలడం లేదు పిల్లా."

"ఎంత తగ్గింది?" అంది అత్తగారు, కుర్చీ వీపు పట్టుకుని కిందికి వంగి చూస్తూ.

"మూడంగుళాలు పోయిందత్తయ్యా."

"పోలేదు," అంది అత్తగారు. "నా దగ్గరుంది."

చిన్నకోడలు ముడి వేసి, దారం పంటితో కొరికింది.